ఆరోగ్యవరము: ఊరి వెలుపలి ఊరు

మన తెలుగునాట "వరం" అని ముగిసే ఊళ్లకు కొదువ లేదు. అన్నవరం, పోలవరం, భీమవరం, గన్నవరం - ఈ పేర్లు వినని వారుండరు. మదనపల్లె పట్టణపు శివారులో ఉన్న ఆరోగ్యవరము కూడా అటువంటి పేరే. అయితే ఈ పేరును రెండు విధములుగా చదువుకోవచ్చును. "ఆరోగ్యపు ఊరు" అని ఒక అర్థము, "ఆరోగ్యమనే వరము" అని మరొక అర్థము. వంద సంవత్సరములకు పూర్వము ఆ ఊరికి బండిలోనో, మనుష్యుల భుజముల మీదనో చేరిన రోగికి ఆ రెండవ అర్థమే ముఖ్యము. తన సొంత ఊరు తనను ఉండనీయలేదు గనుక ఈ ఊరికి వచ్చినాడు. ఈ ఊరైనా ఆరోగ్యమును వరముగా ఇచ్చునా అని ఎదురు చూచినాడు.

ఈ శతాబ్ది సంచికలో పెద్ద దేవాలయములను గూర్చి, పేరుగాంచిన దైవజనులను గూర్చి వ్రాసేవారు చాలమంది ఉంటారు. చిన్న ఊరైన ఆరోగ్యవరమును గూర్చి వ్రాయుటకు కారణము ఒక్కటే. ఇతర ఊళ్లు వెలివేసిన వారిని చేర్చుకొనుట కొరకే మన సంఘములు కట్టిన ఊరు అది. మన సంఘము ఎట్లుండవలెనో ఆ ఊరి చరిత్ర మనకు చెప్పగలదు.

మదనపల్లె, మిషను

మదనపల్లె రాయలసీమలో సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైగా ఎత్తున ఉన్న పట్టణము. చుట్టూ కొండలు, దగ్గరలోనే హార్స్లీ కొండ. ఎండలు మండిపోయే కడప సీమ నుండి ఘాటు ఎక్కి వచ్చిన వానికి అక్కడి గాలి హాయిగా తోచును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతము కడప జిల్లాలోనిదే. ఇటు కన్నడ దేశము, అటు తమిళ దేశము కూతవేటు దూరములో ఉండుట వలన ఆ సంతలో మూడు భాషలు వినబడును. రవీంద్రనాథ ఠాకూరు 1919లో అక్కడి దివ్యజ్ఞాన సమాజపు కళాశాలలో బస చేసి, "జనగణమన" గీతమును ఇంగ్లీషులోనికి అనువదించిన సంగతి చాలమందికి తెలిసినదే.

మన సంఘ చరిత్రలో మదనపల్లె పేరు అంతకంటె ముందే వచ్చినది. 1853లో స్కడ్డర్ సోదరులు ప్రారంభించిన ఆర్కాటు మిషను ఉత్తరమునకు విస్తరించి తెలుగు సీమలో అడుగు పెట్టినప్పుడు, 1863లో డాక్టరు జేకబ్ చాంబర్లేన్ మదనపల్లెలో కాపురము పెట్టినారు. ఆయన ఒక చేత వేదగ్రంథము, ఒక చేత మందుల పెట్టె పట్టుకొని ఊరూరా తిరిగిన మనిషి. తెలుగు బైబిలు సవరణ పనిలోను పాలుపంచుకొన్నారు. 1908లో మదనపల్లెలోనే కన్ను మూసినారు. ఆయన వెళ్లిన తరువాత, 1911లో, మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి ఆ పట్టణములో వెలిసినది. వాక్యము, వైద్యము జోడుగా నడచుట మదనపల్లెకు అప్పటికే అలవాటైనది. ఆరోగ్యవరము ఆ అలవాటు నుండి పుట్టినది.

రోగము, దాని వెంట భయము

క్షయరోగము మన దేశమునకు కొత్తది కాదు. రాజయక్ష్మ అని మన ప్రాచీన వైద్యులు దానికి పేరు పెట్టిరి. దానికి కారణమైన సూక్ష్మజీవిని జర్మను దేశపు వైద్యుడు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న లోకమునకు ప్రకటించినాడు. కారణము తెలిసినది గాని మందు దొరకలేదు. మందు దొరుకుటకు ఇంకా అరవై సంవత్సరములు పట్టినది.

ఈ అరవై సంవత్సరములలో భయము మాత్రము పెరిగినది. పూర్వము తలరాత అనుకొన్నది ఇప్పుడు అంటువ్యాధి అని తేలుటతో, దగ్గేవాని దగ్గర నుండి జనము జరిగిపోసాగిరి. రోగికి కంచము వేరు, చెంబు వేరు, పడక పెరటిలో. ఇంటిలో పెళ్లికి ఎదిగిన పిల్ల ఉన్నచో రోగము పేరు గడప దాటనీయరు. కోడలికి జబ్బు వచ్చినదా, పుట్టింటికి పంపివేయుదురు. పుట్టింటివారు ఎన్నాళ్లు ఉంచుకొందురు? మనలో పెద్దవారికి ఇవి విన్న సంగతులు కావు, చూచిన సంగతులు.

ఆ కాలపు వైద్యులకు తెలిసిన చికిత్స ఒక్కటే: మంచి గాలి, మంచి ఆహారము, సంపూర్ణ విశ్రాంతి. ఐరోపాలో దీని కొరకే కొండల మీద శానిటోరియములు కట్టిరి. మన దేశములో మొట్టమొదటి శానిటోరియము 1906లో అజ్మీరు దగ్గర తిలోనియాలో క్రైస్తవ మిషనెరీల చేతనే స్థాపింపబడినది. 1908లో అల్మోరాలో మరొకటి వచ్చినది. ఇవన్నీ ఉత్తరదేశములో ఉన్నవి. నెల్లూరులోని రోగి, తిరునల్వేలిలోని రోగి అల్మోరాకు ఎట్లు పోగలడు?

కలిసి కట్టిన ఊరు

దక్షిణదేశములోని మిషన్లు ఈ ప్రశ్నకు కలిసి జవాబు చెప్పినవి. ఏ ఒక్క మిషనూ ఇంత భారము మోయలేదు. అందుచేత అవన్నీ చేతులు కలిపి 1912లో ఒక ఉమ్మడి సంస్థకు అంకురార్పణ చేసినవి. దానికి యూనియన్ మిషన్ టుబర్క్యులోసిస్ శానిటోరియం అని పేరు. పెంట్లండ్ ప్రభువు మద్రాసు గవర్నరుగా ఉన్న 1915వ సంవత్సరములో అది ఆరోగ్యవరములోని తన సొంత స్థలములో పని ప్రారంభించినది.

ఆ పేరులోని మొదటి మాటను గమనించుడి. "యూనియన్" అనగా ఐక్యము. మన పెద్దలు ఐక్య సంఘమును గూర్చి చర్చలు జరుపుచున్న రోజులవి. 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘము ఏర్పడినది. బిషప్పుల పరిచర్య గల సంఘములు, లేని సంఘములు కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా ఒకటగుట 1947 సెప్టెంబరు 27 వరకు సాధ్యపడలేదు. బల్ల యొద్ద ఎవరు ఆచరించవలెను, బాప్తిస్మము ఎట్లు ఇవ్వవలెను, అభిషేకము ఎవరి చేతుల మీదుగా జరుగవలెను అను ప్రశ్నలు తెగుటకు దశాబ్దములు పట్టినది. క్షయరోగి మంచము ప్రక్కన మాత్రము ఆ ప్రశ్నలు అడ్డు రాలేదు. సిద్ధాంతము వలన కలియుటకు ముందే మన సంఘములు కనికరము వలన కలిసినవి. వెల్లూరులోని వైద్య విద్యాలయము, బెంగుళూరులోని ఐక్య వేదాంత కళాశాల కూడా ఆ తరములో పుట్టినవే. వాటికి దక్కిన పేరు ఆరోగ్యవరమునకు దక్కకపోవచ్చును. ఐక్యమును ఒక ఊరుగా కట్టి చూపినది మాత్రము ఆరోగ్యవరమే.

ఆ ఊరిని తీర్చిదిద్దిన వైద్యుడు డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. డెన్మార్కు దేశపు మిషనెరీ. అమెరికావారి మిషను పుట్టించిన మదనపల్లె సంఘము ప్రక్కన, అనేక మిషన్లు కలిసి నడిపే సంస్థకు, డెన్మార్కు వైద్యుడు పెద్దగా ఉండుట ఆ కాలమునకు చిన్న సంగతి కాదు. ఆయన తరువాత డాక్టరు పి.వి. బెంజమిన్ ఆ బాధ్యతను వహించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆయన భారత ప్రభుత్వమునకు క్షయరోగ విషయములలో సలహాదారుగా పనిచేసిరి. ఒక శివారు పల్లెలో నేర్చుకొన్న పాఠము ఢిల్లీ వరకు ఆ విధముగా పోయినది.

ఆ ఊరి దినచర్య

మామూలు పల్లె కోడి కూతతో లేచును, ఎద్దుల మెడ గంటలతో కదలును. శానిటోరియపు ఊరికి ముఖ్యమైన పని కదలకుండుట. రోగి నెలల తరబడి, కొందరైతే ఏండ్ల తరబడి, గాలి ధారాళముగా వచ్చే వార్డులోనో వరండాలోనో పడుకొనవలెను. ఉదయము, సాయంత్రము జ్వరము చూచి చీటీ మీద గీత గీయుదురు. జ్వరము తగ్గినచో లేచి కూర్చుండుటకు అనుమతి. తరువాత కొన్ని అడుగులు నడచుటకు, ఆ తరువాత తేలికపాటి పనికి. పాలు, గ్రుడ్లు, మంచి భోజనము. కళ్లె ఎక్కడబడితే అక్కడ ఉమ్మరాదు, మూతగల పాత్రలోనే ఉమ్మవలెను. దగ్గునప్పుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకొనవలెను. ఈనాడు మనము పిల్లలకు చెప్పే ఈ మర్యాదలు చాలమంది తెలుగువారికి మొదట శానిటోరియముల నుండి ఇంటికి తిరిగి వచ్చిన రోగుల ద్వారానే తెలిసినవి.

విశ్రాంతితో నయము కానివారికి కఠినమైన చికిత్సలుండెడివి. ఛాతీలోనికి సూదితో గాలి ఎక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తిని ముడిచి, దానికి విశ్రాంతి ఇచ్చెడివారు. మరికొందరికి ప్రక్కటెముకలు కొన్ని తీసివేసి ఆ వైపు ఛాతీని శాశ్వతముగా అణచెడివారు. ఇవి సహించినవారందరూ బ్రతికి బయటపడలేదు. బ్రతికినవారు మాత్రము తమ ఒంటి మీద గాటును చూపి సాక్ష్యము చెప్పిరి.

ఇటువంటి చోట కాలము ఎట్లు గడచును? ప్రక్క మంచము మీది మనిషే చుట్టము. ఇంటివద్ద ఒక వీధిలో అడుగు పెట్టనీయని కులమువాడు, ఇక్కడ ఒకే వరండాలో ఒకే గాలి పీల్చుచు పండుకొనెను. తెలుగు, తమిళము, కన్నడము, మలయాళము మాటలాడువారు ఒకే జ్వరపు చీటీ క్రింద చేరిరి. క్షయరోగము పీఠాధిపతిని, పాలేరును సమానముగా చూచును. ఆ సమానత్వము మరణ సంబంధమైనది. దానినే సహవాస సంబంధమైన సమానత్వముగా మార్చవలసిన పని సంఘమునకు అప్పగింపబడినది.

ఊరినుండి లోకమునకు

చిన్న ఊరు గదా అని ఆరోగ్యవరపు వైద్యులు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. క్షయ అని పంపబడిన రోగులలో కొందరి జబ్బు నిజముగా క్షయ కాదని, వారి రక్తములో ఇసినోఫిల్ అనే కణములు విపరీతముగా పెరిగినవని, ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అను వైద్యులు 1940లో ఒక వైద్య పత్రికలో వివరించిరి. ఇసినోఫీలియా అని ఈనాడు మన ఇండ్లలో సాధారణముగా వినబడే మాట వెనుక ఆరోగ్యవరపు పరిశీలన ఉన్నదని మనలో ఎందరికి తెలియును? క్షయ కానివానికి క్షయ అను ముద్ర వేయకుండుట కూడా ఒక విధమైన విడుదలయే.

స్వతంత్ర భారతములో బి.సి.జి. టీకా మొదట ప్రయోగాత్మకముగా వేయుట 1948లో మదనపల్లెలో జరిగినది. ఈనాడు పుట్టిన పసికందు భుజము మీద వేసే చిన్న టీకా అదే. 1950 నుండి 1955 వరకు జొహానెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వములో మదనపల్లె పట్టణములోను, చుట్టుప్రక్కల గ్రామములలోను ఇంటింటికి వెళ్లి, జనులను పరీక్షించి, ఎక్స్‌రే తీసి, ఏండ్ల తరబడి వారిని గమనించిరి. క్షయ పట్నవాసపు జబ్బు అని, పల్లెలకు రాదని అంతవరకు చాలమంది భ్రమపడుచుండిరి. మదనపల్లె సీమలోని పరిశోధన, 1955-58లో దేశమంతట జరిగిన సర్వే ఆ భ్రమను తొలగించినవి. పొలములో పనిచేసే కూలివాని ఊపిరితిత్తులలోను అదే పురుగు ఉన్నది. అతడు శానిటోరియమునకు రాలేడు గనుక ఎవరి లెక్కలోను చేరలేదు. రోగి వచ్చువరకు వేచి ఉండక, రోగి ఉన్నచోటికి పోవుట ఆ పరిశోధన నేర్పిన మొదటి పాఠము. కాపరి కూడా తప్పిపోయిన గొఱ్ఱె తానే దొడ్డికి వచ్చునని కూర్చుండడు గదా.

మందు వచ్చిన తరువాత

1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది. తరువాత పాస్ అను మందు, 1952లో ఐసోనియాజిడ్ వచ్చినవి. వేల సంవత్సరములుగా మనుష్యులను తినుచున్న రోగము మాత్రలకు, సూదులకు లొంగినది. అప్పుడొక ప్రశ్న పుట్టినది. మందే నయము చేయునప్పుడు, రోగిని ఇంటినుండి వేరుచేసి ఊరి వెలుపల ఉంచుట అవసరమా?

1956లో మద్రాసు చేట్‌పట్‌లో స్థాపింపబడిన పరిశోధన కేంద్రము దీనిని పరీక్షించినది. బీద రోగులలో కొందరిని శానిటోరియములో ఉంచి, కొందరిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, ఇద్దరికి ఒకే మందులిచ్చినది. 1959లో ప్రకటించిన ఫలితము లోకమును ఆశ్చర్యపరచినది. ఇంటివద్ద మందు వాడినవారు దాదాపు అంతే బాగుగా కోలుకొనిరి. వారి ఇంటివారికి రోగము ఎక్కువగా అంటుకొనలేదు కూడా. ఆ తరువాత మన దేశపు క్షయ నివారణ కార్యక్రమము ఇంటి చికిత్స మీదనే నిలిచినది. లోకమంతట శానిటోరియములు ఒక్కొక్కటిగా మూతపడినవి, లేదా వేరు పనికి మారినవి.

ఆరోగ్యవరము కూడా మారినది. క్షయకు మాత్రమే ప్రత్యేకింపబడిన ఆ సంస్థ సకల రోగములకు వైద్యము చేసే ఆరోగ్యవరము మెడికల్ సెంటరుగా రూపు దాల్చినది. మదనపల్లె పట్టణము పెరిగి పెరిగి ఆ శివారు వరకు చేరినది. పేరుగాంచిన టమాటా మార్కెట్టుకు పోయే లారీల రొదలో పూర్వపు నిశ్శబ్దమును ఇప్పుడెవరు వెదకగలరు? ఒక ఊరు ఏ పని కొరకు పుట్టినదో ఆ పని తీరిపోవుట ఆ ఊరికి నష్టము కాదు. అది జయము. వెలివేయబడిన వారి కొరకు ప్రత్యేకముగా ఊరు కట్టవలసిన అవసరము తీరవలెననియే గదా ఆ ఊరు కట్టినవారు ప్రార్థించినది.

ఆశ్రయపురము

ఇశ్రాయేలీయులు కనాను దేశములో స్థిరపడినప్పుడు ఆరు ఆశ్రయపురములను ఏర్పరచిరని మనము యెహోషువ గ్రంథములో చదువుదుము. పారిపోయి వచ్చినవాడు ఆ ఊరి గవిని యొద్ద నిలిచి తన సంగతి చెప్పుకొనవలెను. పెద్దలు విని, లోపలికి చేర్చుకొని, ఉండుటకు స్థలము ఇవ్వవలెను. ఆ పురములు కట్టడముల చేత గాక, గవిని యొద్ద కూర్చుండే పెద్దల మనస్సు చేత ఆశ్రయములైనవి. కుష్ఠరోగిని పాళెము వెలుపల ఉంచవలెనని లేవీయకాండము చెప్పుచున్నది. మన ప్రభువు ఆ వెలుపలికే వెళ్లి రోగిని చేతితో ముట్టెను. కడపట తానే గవిని వెలుపల శ్రమపడెను. ఆరోగ్యవరమును కట్టిన తరము ఈ రెండు సంగతులను కలిపి చదువుకొన్నది. అందుకే ఊరి వెలుపల స్థలము కొని, ఆ వెలుపలిని ఒక ఊరుగా మార్చినది.

ఈనాడు సంగతి ఏమి? రోగము పోలేదు. 2023లో ప్రపంచములోని క్షయరోగులలో నాలుగవ వంతుకు పైగా మన దేశములోనివారే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా దొరకును. సాధారణముగా ఆరు నెలలు తప్పకుండ వాడినచో రోగము నయమగును. రోగి పోషణ కొరకు ప్రభుత్వము 2018 నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చి, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసినది. మందు ఉన్నది, డబ్బు కొంత ఉన్నది. లేనిది ఏది?

పాస్టర్లుగా మేము ఇండ్లకు ప్రార్థనకు వెళ్లునప్పుడు చూచుచుందుము. గూటిలో మాత్రల అట్ట ఉండును. ఏమిటని అడిగితే "బలానికి" అని జవాబు. రెండు నెలలు వాడగానే ఒళ్లు తేలికపడును. ప్రక్కింటివారికి తెలియునేమో అను భయముతో ఆసుపత్రికి పోవుట మానివేయుదురు. రోగము మొండికెక్కి తిరిగి వచ్చును. ఆదివారము బెంచీ మీద ప్రక్కన కూర్చుండేవారు జరిగిపోవుదురేమో అని ఆరాధనకే రాని తల్లులున్నారు. పూర్వము రోగిని ఊరి వెలుపలికి పంపితిమి. ఇప్పుడు రోగి మన మధ్యనే ఉండి, మౌనములో వెలివేయబడుచున్నాడు. ఇది ఇంకను చెడ్డది. ఎందుకనగా ఆ మౌనమునకు ఆరోగ్యవరము వంటి ఊరు ఎక్కడ ఉన్నది?

కనుక ఈ శతాబ్ది సందర్భములో మన సంఘములు మూడు పనులు చేయవచ్చును. మొదటిది, రెండు వారములకు మించి దగ్గుచున్న వానిని కళ్లె పరీక్షకు తోడుండి తీసికొనిపోవుట. రెండవది, మందు వాడుచున్న ఇంటికి ఆరు నెలలు వారమునకు ఒక పర్యాయము గ్రుడ్లు, పప్పు పట్టుకొని పోవుట. స్త్రీల సమాజమువారికి, యౌవనస్థుల సంఘమువారికి ఇది కష్టమైన పని కాదు. మూడవది అన్నిటికంటె సులభము, అన్నిటికంటె కష్టము కూడా. సక్రమముగా మందు వాడుచున్న రోగి నుండి కొద్ది వారములలోనే అంటు చాలవరకు తగ్గునని వైద్యులు చెప్పుచున్నారు. అటువంటివాడు ఆరాధనకు వచ్చినప్పుడు బెంచీ మీద జరిగి చోటివ్వవలెను, దూరముగా జరిగిపోరాదు.

మదనపల్లె వైపు ప్రయాణము చేయువారు ఆ శివారు ఊరిలో ఒక పూట ఆగుడి. అక్కడ గోపురము లేదు, శిలాశాసనము లేదు. కొన్ని పాత వార్డులు, కొన్ని చెట్లు, మంచి గాలి ఉన్నవి. మన సంఘములు ఒకటి కాకమునుపే ఒకటై చేసిన మేలు ఆ గాలిలో ఉన్నది. కట్టడములు మారినను ఆ పని మారలేదు. ప్రతి సంఘము తన ఊరిలో ఒక ఆరోగ్యవరము కావలెను. మన పితరులకు ఆ మనస్సు నిచ్చిన దేవునికి స్తోత్రము కలుగును గాక. మనకును అదే మనస్సు నిచ్చును గాక. ఆమేన్.